కందెన గొట్టం

"సైకిల్ ముట్టొద్దు" అని నిరోషా శనివారం నాడు తండ్రికి మూడుసార్లు చెప్పింది. పొద్దున చాయ్ ఇస్తూ ఒకసారి, మధ్యాహ్నం అన్నం పెడుతూ ఒకసారి, సాయంత్రం చలికి గ్లౌజులు కొనడానికి తాండూరు బజారుకు బయలుదేరుతూ గుమ్మంలో నిలబడి ఒకసారి. మూడుసార్లూ చంద్రప్ప "నాకేం పని" అన్నాడు. ఆ మాట విన్నప్పుడే ఆమెకు అనుమానం రావలసింది. చంద్రప్ప "నాకేం పని" అన్నాడంటే ఏదో పని పెట్టుకున్నాడనే లెక్క. ఇరవై నాలుగేళ్లు ఆ మనిషికి కూతురై ఉండి కూడా ఆ సంగతి మరిచిపోవడం పూర్తిగా ఆమె తప్పే.

అది మామూలు సైకిల్ కాదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మౌంటెన్ బైక్. ముందు ఫోర్కులో స్ప్రింగులు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వెనక తొమ్మిది గేర్లు. జిరాక్స్ సెంటర్లో పనిచేసుకుంటూ రెండేళ్ల నుంచి నిరోషా దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటోంది. తాండూరులో రాళ్ల పాలిషింగ్ యూనిట్ల ముందు నుంచి ఒక్కసారి వెళ్లొస్తే చాలు, చైను మీద తెల్లటి రాతిపిండి పేరుకుపోతుంది. ఆ పిండి చైనును నమిలేస్తుంది. అందుకని ఆమె పాత పళ్ల బ్రష్షుతో లింకు లింకూ తోమి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేస్తుంది. నూనె లోపల ఉండాలి, బయట కనపడకూడదు. ఈ పద్ధతి చంద్రప్పకు మింగుడుపడేది కాదు. పెట్టిన నూనెను మళ్లీ తుడిచేసేవాళ్లను ఆయన తన జన్మలో చూడలేదు.

ఆయన జన్మలో చాలాకాలం ఎడ్లబండి మీదే గడిచింది. క్వారీ నుంచి రైల్వే యార్డుకు బండలు తోలేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లను అమ్మాడు, బండిని అమ్మాడు, పాలిషింగ్ యూనిట్లో వాచ్‌మన్‌గా చేరాడు. ఒక్క కందెన గొట్టం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. జానెడున్నర వెదురు గొట్టం అది. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, ఆ నల్లటి ముద్దను అందులో నింపి బండికి వేలాడదీసేవారు. ఇరుసు కిర్రుమంటే పుల్లతో తీసి పట్టించేవారు. ఇప్పుడు ఇరుసు లేదు, గొట్టం గోడ మేకుకు ఉంది. ఖాళీగా ఉందని నిరోషా అనుకునేది.

ఆదివారం గురించి చెప్పాలి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల కింద ప్రణయ్ అనే ఆయన తన పొలంలో సైకిల్ క్యాంపు పెట్టాడు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లను అడవి దారుల్లో తిప్పడానికి ఆయనకు ఒక గైడు కావాలి. నిరోషా అడిగితే ఆయన సూటిగా చెప్పాడు.

"ఆదివారం నలుగురు గెస్టులు వస్తున్నరు. పైన వ్యూ పాయింట్ దాంక తీస్కపోయి, తొమ్మిదింటికల్ల నలుగుర్ని మంచిగ కిందికి తీస్కరా. నేను గూడ వస్త, మాట్లాడ, చూస్త. నీ సైకిల్ మీదనే రావాలె. సొంత బండినే మంచిగ పెట్టుకోనోళ్లకు నా బండ్లు ఎట్ల ఇడుస్త?"

నచ్చకపోతే సోమవారం ఇంకొకరిని పిలుస్తానని కూడా చెప్పాడు. నిరోషాకు ఈ ఉద్యోగం ఎంత కావాలంటే, నెల రోజులుగా ఆమె జిరాక్స్ మెషిన్ ముందు నిలబడి కొండ దారి మలుపులే లెక్కపెట్టుకుంటోంది.

తెల్లవారుజామున కూరగాయల ట్రాలీ ఆటోలో సైకిల్ ఎక్కించుకుని బయలుదేరారు. బయలుదేరారు అంటే ఇద్దరూ. "చీకట్ల ఒక్కదానివే పోతవా" అని చంద్రప్ప గొంగడి కప్పుకుని, బట్టసంచి ఒకటి చంకలో పెట్టుకుని ముందే ఎక్కి కూర్చున్నాడు. సంచిలో రొట్టెలున్నాయని నిరోషా అనుకుంది.

క్యాంపు ఇనుప గేటు తెరుస్తుంటే అది కుక్కలు లేచేలా అరిచింది. చంద్రప్ప ఆగి దాని వంక జాలిగా చూశాడు. "దీన్ని పట్టిచ్చుకునేటోడే లేడా" అన్నాడు. నిరోషా వినిపించుకోలేదు. నోట్లోంచి పొగ వస్తోంది, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఫోన్లో తొమ్మిది డిగ్రీలని ఉంది. సైకిల్ దింపి, నాలుగు చుట్లు తొక్కి చూద్దామని ఎక్కింది.

పెడల్ కదలడానికే బరువుగా ఉంది. గేర్ తగ్గిద్దామని బొటనవేలితో లివర్ నొక్కింది. లివర్ మెత్తగా వెళ్లింది, వచ్చింది. గేర్ పడలేదు. ఇంకోసారి నొక్కింది. పడలేదు. సైకిల్ నిలిపేటప్పుడు ఎప్పుడూ వదిలే గేరులోనే, అంటే వెనక అన్నిటికంటే చిన్న చక్రం మీదే చైను బిగుసుకుపోయి ఉంది. ఆ గేరులో తారు రోడ్డు మీద పరుగెత్తొచ్చు, కొండ మాత్రం ఎక్కలేం.

ఆమె కిందికి వంగింది. నిన్న తళతళలాడిన చైను నల్లటి ముద్ద అయింది. కొత్త గ్లౌజుకు మసి అంటింది. వాసన చూసింది. ఆముదం.

"నాయినా."

చంద్రప్ప అప్పటికే వంటింటి పొయ్యి దగ్గర చేరి, వంటామె భాగమ్మతో చుట్టరికం కలుపుతున్నాడు. పిలిచిన తీరుకే విషయం అర్థమై నెమ్మదిగా వచ్చాడు.

"ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"నేను ముట్టలే. కోడి ఈకతోని పెట్టిన."

"లివర్‌ల గూడ పెట్టినవా?"

"సందు కనవడ్డది బిడ్డా. నాలుగు సుక్కలు ఇడిసిన. ముప్పై ఏండ్లు నా బండి ఒక్కపారి కిర్రుమన్నదా?"

నిరోషాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నిన్న సాయంత్రం, తను బజారుకు పోయినప్పుడు, పల్చగా దిగిన ఆముదం ఈ చలికి జిగురుగా గట్టిపడి, లివర్ లోపలి సన్నటి కొక్కేలను అతికించేసింది. రెండేళ్ల జాగ్రత్తను ఈయన ఒక కోడీకతో తుడిచిపెట్టేశాడు. అంతలో గుర్తొచ్చి, పరుగున బ్రేకు డిస్కులు చూసింది. శుభ్రంగా ఉన్నాయి.

"గా పళ్లాలకు పెట్టలే" అన్నాడు చంద్రప్ప నొచ్చుకుంటూ. "పట్టుకునే దానికి కందెన పెడ్తరా ఎవరన్న? ఫికర్ జెయ్యకు. చలికాలం కందెన గట్టివడేదే. కింద ఇంత గడ్డి మంట వెడ్తే కరుగుతది. అగ్గిపెట్టె ఉన్నది నా తాన."

"నువ్వు అగ్గిపెట్టె తీస్తే నేను గిట్లనే ఇంటికి పోత" అంది నిరోషా.

ఆయన అగ్గిపెట్టె లోపల పెట్టుకున్నాడు. కానీ వెచ్చదనం అన్నమాట మాత్రం అబద్ధం కాదని ఆమెకూ తెలుసు, అదే ఇంకా ఒళ్లు మండించింది. భాగమ్మ చాయ్‌కి మరిగిస్తున్న నీళ్లలో నిరోషా గుడ్డ ముంచి, పిండి, లివర్‌కు చుట్టింది. మూడుసార్లు అలా చేశాక లోపల టక్కుమంది. ఒక గేరు పడింది. ఇంకోసారి చుడితే ఇంకోటి పడింది. అంతలో గేటు మళ్లీ అరిచింది, ప్రణయ్ జీపు, వెనకే గెస్టుల కారు లోపలికి వచ్చాయి.

గెస్టుల్లో ముగ్గురు మగవాళ్లు, ఒక అమ్మాయి. ఆ అమ్మాయి పేరు అక్షర. లోపల రెండు స్వెటర్లు, పైన గాలి చొరబడని జాకెట్, ముఖానికి ముసుగు. చేతులకు మాత్రం వేళ్లు లేని గ్లౌజులు. నిరోషా చెప్పి చూసింది.

"ఒక స్వెటర్ ఇడిచిపెట్టుండ్రి మేడం. మొదలు పది నిమిషాలు చలి పెట్టాలె. గిప్పుడే వెచ్చగుంటే ఎక్కేటప్పుడు చెమటకు తడుస్తరు, పైన గాలికి వణుకుతరు."

"నాకు చలి పడదండీ" అంది అక్షర. వద్దన్నది చేసేవాళ్లు తన ఇంట్లోనే ఉన్నారనుకుంది గానీ, హైదరాబాద్‌లో కూడా ఉన్నారని నిరోషాకు ఆ పొద్దున్నే తెలిసింది.

దారి మొదట్లో నిరోషా ముందే ఉంది. ఎర్రమట్టి దారి, రాళ్లు, మంచుకు తడిసిన ఆకులు. వెచ్చటి గుడ్డ మహిమ రెండు మలుపుల వరకే నిలిచింది. మూడో మలుపులో లివర్ మళ్లీ చచ్చిపోయింది, చైను జారి చిన్న చక్రం మీదకే వెళ్లి కూర్చుంది. నిలబడి తొక్కింది. మోకాళ్లు కేకపెట్టాయి. ఇక లాభం లేక దిగింది. ముగ్గురు మగవాళ్లు ఆమెను దాటి వెళ్లారు. ప్రణయ్ కూడా దాటి వెళ్తూ ఆమెను ఒకసారి, చైనును ఒకసారి చూశాడు.  

"ఇంకో రెండు మలుపులు దాటినంక చీలిక కాడ ఆగుండ్రి, ఎవ్వరు ముందుకు పోవద్దు" అని అరిచి, సైకిల్ నెట్టుకుంటూ నడిచింది. నడుస్తూ తండ్రిని మనసులో తిట్టింది. గొట్టాన్ని తిట్టింది, కోడిని కూడా వదల్లేదు. జిరాక్స్ మెషిన్ మళ్లీ కళ్ల ముందుకు వచ్చి నిలబడింది.

అప్పుడు చూస్తే అక్షర తనకంటే వెనక ఉంది. దారి పక్క రాయి మీద కూర్చుని, చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతోంది. చెమటకు లోపలి స్వెటర్ నీళ్లోడుతోంది. "వేళ్లు తెలియట్లేదు నాకు" అంది. నిరోషా బ్రేక్ లివర్ పట్టుకోమంది. అక్షర పట్టుకుంది గానీ నొక్కలేకపోయింది. ఈ చేతులతో ఈ అమ్మాయి కొండ దిగితే బ్రేకు పడదు.

ఇక ఉద్యోగం సంగతి మరిచిపోయింది. చాటుకు తీసుకెళ్లి తడి స్వెటర్ విప్పించింది. తన బ్యాగులోంచి పాత పేపరు తీసి, మడిచి, జాకెట్ లోపల ఛాతీకి అడ్డం పెట్టించింది. తన మసి గ్లౌజులు ఆమెకు తొడిగి, తన చేతులకు మేజోళ్లు తొడుక్కుంది. "కూసోవద్దు, నడువుండ్రి నాతోని" అని రెండు సైకిళ్లూ తనే నెట్టుకుంటూ పైకి నడిపించింది. చీలిక దగ్గర మగవాళ్లు ముగ్గురూ విసుగ్గా ఆగి ఉన్నారు. ఆగి ఉన్నారు, అది చాలు. అందరూ వ్యూ పాయింట్ చేరేసరికి అక్షర ముక్కు ఎర్రబడి ఉంది, వేళ్లు మాత్రం కదులుతున్నాయి. దిగేటప్పుడు నిరోషా ఆమె వెనకే వచ్చింది. దిగడానికి గేర్లు అక్కర్లేదు, బ్రేకులు చాలు.

సగం దారిలో ప్రణయ్ పక్కకు వచ్చాడు. "చాలామంది గైడ్లు ముందు ఉరుకుతరు. నువ్వు కావాలనే వెనక ఉన్నవు. మంచిగనిపిచ్చింది."

ఆ మాటను అలాగే ఉండనిస్తే సరిపోయేది. నిరోషా ఉండనివ్వలేకపోయింది.

"కావాలని ఉండలే సార్. గేర్ పడలే. లివర్‌ల ఆముదం పోయింది."

ప్రణయ్ కొంచెం సేపు తొక్కి, "గేర్ పడకపోతే అక్కడ్నించే వాపస్ పోవచ్చు గద. పోలేదు" అన్నాడు. "బండి సంగతి తర్వాత చూస్కుందాం. రేపటికెళ్లి పనికి రా."

నిరోషా కళ్లలో నీళ్లు తిరిగాయి. చలిగాలి వల్ల అని ఆయన అనుకుని ఉంటాడు. తొమ్మిదికి పది నిమిషాల ముందు క్యాంపులోకి దిగారు.

క్యాంపులో ఎనిమిది అద్దె సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఎనిమిది చైన్లూ నల్లగా, దట్టంగా, ముద్దలు ముద్దలుగా నిగనిగలాడుతున్నాయి. చివరి సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని, మోకాళ్ల మధ్య వెదురు గొట్టం నిలబెట్టుకుని, చంద్రప్ప పుల్లను గుడ్డతో తుడుచుకుంటున్నాడు. సంచిలో రొట్టెలు లేవు.

"సారూ" అన్నాడు ప్రణయ్‌ని చూసి, "ఇగ ఒక్కటి గూడ కిర్రుమనదు."

ప్రణయ్ వంగి ఒక పెడల్ తిప్పాడు. వేలికి అంటినది వాసన చూశాడు. "ఎవరీ పెద్దమనిషి? భాగమ్మా, మీ మనిషా?"

 పొద్దున వచ్చినప్పటి నుంచి ఈ ముసలాయన ఎవరో ప్రణయ్‌కి తెలియదు. ఇప్పుడు తను నోరు విప్పకపోతే ఎప్పటికీ తెలియకపోవచ్చు. రేపటికెళ్లి పనికి రా అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. అటు చంద్రప్ప మెచ్చుకోలు కోసం నవ్వుతూ చూస్తున్నాడు, కూతురు వంకే.

"మా నాయిన సార్" అంది.

ప్రణయ్ ఇద్దరినీ చూశాడు. ఎనిమిది సైకిళ్ల డిస్కులూ ఒక్కొక్కటే వంగి చూశాడు. ఒక్కదానికీ మరక లేదు. "బ్రేకులకు పెట్టలే" అన్నాడు చివరికి. "బతికిచ్చిండు. సాయంత్రానికి ఎనిమిదీ సాఫ్ కావాలె. ఇద్దరు కూసోని తుడువుండ్రి. రేపటికెళ్లి కాదు, నీ డ్యూటీ గిప్పటికెళ్లే."

కిరోసిన్ డబ్బా, పాత గుడ్డలు ముందేసుకుని తండ్రీ కూతుళ్లు కూర్చున్నారు.  పెట్టిన నూనెను తుడవడం చంద్రప్పకు ప్రాణం మీదకు వచ్చినట్టుంది. అయినా తుడిచాడు. బండలు ఎత్తి ఎత్తి వంకరపోయిన ఆ వేళ్లు లింకు లింకు సందులోకీ వెళ్లి, నిరోషా కంటే శుభ్రంగా తుడిచాయి. ఎడ్లను అమ్మిన నాటి నుంచి ఈ మనిషి చేతికి ఒక్క ఇరుసు కూడా దొరకలేదని, అందుకే కనపడిన చక్రానికల్లా ఎగబడుతున్నాడని ఆమెకు అప్పుడు తోచింది. జాలేసింది. కోపం మాత్రం ఏమీ తగ్గలేదు.

ఎనిమిదీ, ఆ పైన నిరోషా సైకిలూ అయ్యాక ఆయన చెయ్యి నెమ్మదిగా మళ్లీ గొట్టం మీదకు పోయింది. "ఒక్క సుక్క బిడ్డా. నీ దానికి. ఉత్తగ ఉంటే మంచిది కాదు."

"నాయినా."

"సరే, నాకేం పని."

నిరోషా లేచి నిలబడింది. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు ఇప్పుడు బాగా గుర్తుంది. చుట్టూ చూసి, చెయ్యి పట్టుకుని ఆయన్ను గేటు దగ్గరకు నడిపించింది.

"దీనికి పెట్టు. ఎంత పెడ్తవో పెట్టు. ఇగ ఈ గేటు నీది, సైకిళ్లు నావి."

చంద్రప్ప గేటును అటూ ఇటూ ఊపి, చెవి పెట్టి విని, పుల్ల తీశాడు. మూడు మడతబందులకూ తృప్తిగా, దట్టంగా పట్టించాడు. అర్ధగంటకు గేటు నోరు మూసుకుంది. తాండూరు చేరేదాకా చంద్రప్ప మాత్రం మూసుకోలేదు.