సిగ్నల్ లేని గది

మదనపల్లెలో ఆ బ్యాంకు బ్రాంచి టమాటా మార్కెట్టుకు దగ్గర. పొద్దున తలుపులు తెరిచేసరికే మండీ వాళ్ళు, రైతులు, లారీ డ్రైవర్లు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. మమత అక్కడ ఆఫీసరు. ఆమెది పుంగనూరు. అమ్మానాన్నలు ఒకప్పుడు పరాయి తోటల్లో కూలికి పోయి ఆమెను చదివించారు. ఇప్పుడు నాన్న గురప్ప పుంగనూరు బస్టాండులో వాచ్‌మన్.

ఆ ఏడాది హెడ్డాఫీసు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఎవరైనా డబ్బు పంపబోతే, అది చేరే ఖాతా ఎలాంటిదో ముందుగా చూస్తుంది. మొన్నమొన్న తెరిచిన ఖాతా అయినా, ఎక్కడెక్కడి వాళ్ళో డబ్బు వేస్తుంటే వేసింది వేసినట్టే మాయమవుతున్న ఖాతా అయినా స్క్రీన్ మీద ఎర్రపట్టీ వస్తుంది. అప్పుడు ఆఫీసరు ఖాతాదారుతో మాట్లాడి, అనుమానం తీరాకే డబ్బు వదలాలి.

నిజానికి ఆ పట్టీ చాలాసార్లు ఊరికే వచ్చేది. నారు కోసం నర్సరీకి డబ్బు కట్టే రైతును కూడా అది ఆపేది. మండీ యజమాని దొరస్వామి ఒకరోజు అందరి ముందూ కేకలు వేసి, దొంగలను వదిలి దొరలను పట్టుకుంటున్నారని తిట్టిపోయాడు. మేనేజరు హరినాథ్‌కు ఈ తలనొప్పి అక్కరలేదు. అందుకని ఎర్రపట్టీల పని మొత్తం మమతకు అప్పజెప్పాడు. ఆమె మాత్రం ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, ఓపిగ్గా అడిగి పంపేది.

రాజేశ్వరమ్మ వచ్చిన రోజు కూడా బ్యాంకు నిండుగా ఉంది. ఆమె ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. వార్డులోకి ఆమె వస్తే కొత్త డాక్టర్లు కూడా సర్దుకుని నిలబడేవారని ఊళ్ళో చెప్పుకుంటారు. భర్త లేడు. కూతురు సుప్రియ తిరుపతిలో లెక్చరర్. రాజేశ్వరమ్మ బ్యాంకుకు వస్తే సిబ్బందిలో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేది. ఎవరికి బీపీ, ఎవరికి షుగర్ అని అడిగి మరీ చీవాట్లు పెట్టేది.

ఆ రోజు ఎవరినీ పలకరించలేదు. నేరుగా మమత ముందు కూర్చుని, తన డిపాజిట్ రద్దుచేసి ఆ డబ్బంతా ఒక ఖాతాకు పంపమంది. చేతిలోని ఫోను గుండెకు ఆనించుకుని పట్టుకుంది. మమత ఖాతా నంబరు కొట్టగానే ఎర్రపట్టీ వచ్చింది. ఆ ఖాతా కుప్పంలో ఉంది. తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. దేశం నలుమూలల నుంచీ డబ్బు వచ్చి, నిలవకుండా వెళ్ళిపోతోంది.

డబ్బు దేనికమ్మా అని మమత అడిగింది. కూతురికి ఇంటి స్థలం కొంటున్నానని రాజేశ్వరమ్మ అప్పజెప్పినట్టు చెప్పింది. స్థలం ఎక్కడ అంటే మళ్ళీ అదే మాట చెప్పింది. ఆమె చూపు మాటిమాటికీ ఫోను మీదికే పోతోంది.

"నా డబ్బు నేను పంపుకునేదానికి నీకెందుకమ్మా ఇన్ని ప్రశ్నలు?" అంది చివరికి. ఆ మాట ఫోనుకు వినబడేలా అంది.

ఆ ఫోన్లో ఎవరో వింటున్నారని మమతకు అర్థమైంది. డిపాజిట్ రద్దుకు లాకరు గదిలో ఒక సంతకం పెట్టాలని అబద్ధం చెప్పి, చేయి పట్టుకుని లేపింది. లాకరు గది గోడలు మందం. లోపలికి వెళితే ఏ ఫోనూ పనిచేయదు.

తలుపు దగ్గరికి వేయగానే రాజేశ్వరమ్మ ఫోను మూగబోయింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"లైను పోయింది. నేనే కట్ చేసినాననుకుంటారు వాళ్ళు."

"ఎవరమ్మా వాళ్ళు?"

రాజేశ్వరమ్మ ఫోనును ఒళ్ళో బోర్లించింది. తరువాత ఒక్కొక్క ముక్కే చెప్పుకొచ్చింది. ముందురోజు పొద్దున ఫోను వచ్చింది. ఆమె పేరు మీద పోయిన పార్శిల్లో మత్తుమందు దొరికిందట. వీడియోలో యూనిఫాం వేసుకున్న ఒకాయన కనిపించాడు. కేసు తేలేదాకా ఆమె అరెస్టులో ఉన్నట్టేననీ, ఫోను ముందు నుంచి కదలకూడదనీ చెప్పాడు. ఎవరికైనా చెబితే సుప్రియనూ అల్లుడినీ కూడా లోపల వేస్తామన్నాడు. డబ్బంతా సర్కారు ఖాతాకు పంపితే, పరిశీలించి తిరిగి ఇస్తారట. రాత్రంతా ఫోను మంచం పక్కన స్టూలు మీద పెట్టుకునే పడుకుంది. స్నానానికి వెళ్ళినా గోడకు ఆనించి పెట్టమన్నారు. ఆ మాట చెప్పి ఆమె తల వంచేసుకుంది.

మమత ఆమె చేతులు రెండూ పట్టుకుంది. చల్లగా ఉన్నాయి.

"పోలీసులు ఫోన్లో ఎవర్నీ అరెస్టు చెయ్యరమ్మా. వాళ్ళు దొంగలు. మీ డబ్బు ఈడనే ఉండాది, యాడికీ పోలేదు. మీరు ఏ తప్పూ చెయ్యలేదు."

"మరి నా ఆధార్ నంబరు వాళ్ళకెట్ల తెలుసు? సుప్రియ ఇంటి అడ్రసు ఎట్ల తెలుసు?"

ఇవన్నీ బయట అమ్ముకునేవాళ్ళు ఉన్నారని, ఈ మోసం ఇప్పుడు ఊరూరా జరుగుతోందని మమత నిదానంగా చెప్పింది. రాజేశ్వరమ్మ చాలాసేపు విని, తల ఊపింది. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నమ్మినట్టే కనిపించింది.

గది బయటికి రాగానే ఫోను మోగింది. మమతే తీసింది. యూనిఫాం మనిషి కనిపించాడు. వెనకాల జెండా, గోడకు ఏదో బోర్డు. ఎదుట వేరే ముఖం చూడగానే కట్ చేశాడు. మమత ఆ నంబరు బ్లాక్ చేసింది. సైబర్ ఫిర్యాదుల నంబరుకు చెప్పింది. స్టేషనుకు ఫోన్ చేస్తే, రేపు ఆమెను తీసుకొచ్చి కంప్లయింటు రాసివ్వమన్నారు. సుప్రియ ఫోను ఎత్తలేదు. క్లాసులో ఉండవచ్చని మెసేజ్ పెట్టింది.

హరినాథ్ స్వయంగా కాఫీ తెప్పించాడు. ఎర్రపట్టీ పనిచేసిందని అధికారుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సిబ్బంది అంతా సంతోషంగా ఉన్నారు. రాజేశ్వరమ్మ కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది కానీ తాగలేదు.

తాను వెంట వెళ్ళి ఇంట్లో దింపి వస్తానని మమత అడిగింది. అప్పటికే కౌంటరు దగ్గర జనం గొణుగుతున్నారు. డబ్బు ఆగింది కదా, ఇక భయమేముంది, ఆటో ఎక్కించి పంపమన్నాడు హరినాథ్. మమత ఆటో పిలిచి, డ్రైవరుకు ఇల్లు చెప్పి ఎక్కించింది. తెలియని నంబరు ఏది వచ్చినా తీయవద్దని మరీ మరీ చెప్పింది. రాజేశ్వరమ్మ సరేనంది.

ఆ తరువాత జరిగింది పోలీసులు ఆమె ఫోన్లో రికార్డయిన మాటలు విని, కొట్టువాళ్ళను అడిగి తెలుసుకున్నారు. ఆటో సీటీఎం రోడ్డు ఎక్కకముందే వేరే నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆమె తీసింది. ఈసారి గొంతు మెత్తగా ఉంది. బ్యాంకులో ఆ అమ్మాయే ముఠా మనిషి అని చెప్పారు. అందుకే సిగ్నల్ రాని గదిలోకి తీసుకెళ్ళి మాట్లాడింది, లేకపోతే ఆ పని చాటుగా చేయాల్సిన అవసరం ఏమిటి అని అడిగారు. మదనపల్లె బ్యాంకులన్నీ తమ నిఘాలో ఉన్నాయి కాబట్టి పక్క ఊరికి పోయి, బంగారం కుదువ పెట్టి డబ్బు పంపమన్నారు. లేకుంటే సాయంత్రానికల్లా సుప్రియను కాలేజీ నుంచే తీసుకుపోతామన్నారు.

రాజేశ్వరమ్మ ఇంట్లో ఉన్న బంగారమంతా సంచిలో వేసుకుని పుంగనూరు బస్సెక్కింది. అక్కడ బంగారం కుదువ పెట్టుకునే ఒక కొట్టుకు వెళ్ళింది. ఆ కొట్టులోని యంత్రం బంగారం అసలుదో కాదో మాత్రమే చూస్తుంది. తెచ్చిన మనిషి ఎందుకు వణుకుతోందో ఎవరూ అడగలేదు. అప్పు డబ్బు ఇంకో బ్యాంకులో ఆమెకున్న ఖాతాలో పడింది. ఆ బ్యాంకులో అలాంటి సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. కొట్టు మెట్ల మీదే నిలబడి, వాళ్ళు చెప్పినట్టల్లా ఫోన్లో నొక్కింది. డబ్బు కుప్పం ఖాతాకు వెళ్ళిపోయింది.

కొట్టువాళ్ళు రివాజు ప్రకారం నామినీ అయిన సుప్రియకు మెసేజ్ పంపారు. క్లాసు ముగించుకుని వచ్చిన సుప్రియ ఆ మెసేజునూ, మమత పెట్టిన మెసేజునూ ఒకేసారి చూసింది. తల్లికి ఫోన్ చేస్తే ఎంతకీ బిజీ. వెంటనే మమతకు చేసింది. కొట్టు పుంగనూరులో అనగానే మమతకు అక్కడి బస్టాండులో ఉన్న నాన్న గుర్తొచ్చాడు. గురప్పకు ఫోన్ చేసి రాజేశ్వరమ్మ ఆనవాళ్ళు చెప్పి, బస్టాండంతా వెతకమంది. తాను బ్యాంకులో ఎవరినీ అడగకుండా బయలుదేరింది.

మమత చేరేసరికి గురప్ప బస్టాండు బయట నిలబడి ఉన్నాడు. అంబులెన్సు అప్పుడే వెళ్ళింది. కూతురిని చూసి తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మదనపల్లె బస్సులు ఆగే కాడ బెంచీ మీద కూసోనుండాది మ్మా. నిద్రపోతాండాదేమో అనుకుంటి. బుజం తట్టినా, పలకల్యా. ఒళ్ళో ఫోన్లో ఎవడో మొగం సూపీమని అంటానే ఉండాడు."

గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. ఎప్పుడు పోయిందో, ఎంతసేపు వాళ్ళు చనిపోయిన మనిషిని ముఖం చూపించమని అడిగారో ఎవరికీ తెలియదు.

కొన్నాళ్ళకు హెడ్డాఫీసు నుంచి బ్రాంచికి అభినందన వచ్చింది. బ్యాంకు లెక్కలో మోసం ఆగింది, ఖాతాదారు డిపాజిట్ భద్రంగా ఉంది. బంగారం అప్పు ఈ బ్యాంకుది కాదు. హరినాథ్ ఆ కాగితాన్ని గోడకు తగిలించబోతే మమత వద్దంది. అతను ఆమె ముఖం చూసి సొరుగులో పెట్టేశాడు.

డిపాజిట్ తీసుకోవడానికి సుప్రియ వచ్చింది. సంతకాలన్నీ అయ్యాక లేవకుండా కూర్చుండిపోయింది.

"మీరు చెప్పింది మా అమ్మ నమ్మలేదా?" అని అడిగింది.

"ఆ గదిలో ఉన్నంతసేపూ నమ్మిందండీ," అంది మమత.

సుప్రియ కాగితాలు సర్దుకుంది. తాను ఎత్తని ఆ ఒక్క ఫోను గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

ఆ తరువాత కుప్పం పోలీసులు మమతను పిలిపించారు. డబ్బు చేరిన ఖాతా ఎవరిదో దొరికింది. వివరాలు సరిచూసి సంతకం పెట్టాలి. స్టేషను వరండాలో గోడకు ఆనుకుని ఒక నడివయసు మనిషి కూర్చుని ఉంది. మట్టి పట్టిన కాళ్ళు, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. ఆ ఖాతా ఈమె పేరు మీదే ఉందని ఎస్సై చెప్పాడు. పేరు ఎల్లమ్మ. బీన్సు తోటల్లో కూలికి పోతుంది. ఆవుల లోను ఇప్పిస్తానని ఒకడు వచ్చి, ఆమె పేరున ఖాతా తెరిపించి, పాస్‌బుక్కూ కార్డూ సిమ్మూ తానే పట్టుకుపోయాడు. వాడు దొరకలేదు. యూనిఫాం మనిషి ఏ దేశంలో ఉన్నాడో కూడా తెలియదు. ఎల్లమ్మ మాత్రం దొరికింది.

ఆమె పేరు మీదున్న ఖాతాలన్నీ ఆగిపోయాయి. పాత ఖాతాలో పడే వితంతు పింఛనూ, ఉపాధి పనుల కూలీ కూడా అందులోనే ఇరుక్కున్నాయి. మమత బ్యాంకు మనిషని తెలిసి ఎల్లమ్మ లేచి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నా పించను యాల నిలిపినారు? నేనేం దొంగతనం సేసినా?"

మమత ఆమెను కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చుంది. దాచకుండా అంతా చెప్పింది. రాజేశ్వరమ్మ ఎవరో, డబ్బు ఎట్లా పోయిందో, బెంచీ మీద ఎట్లా దొరికిందో చెప్పింది. ఎల్లమ్మ చేతిలోని సంచిని కింద పెట్టింది.

"నా పేరు మిందనే పోయిందా ఆయమ్మ దుడ్డు?"

"ఊ."

"ఆయమ్మకు బిడ్డలుండారా?"

"ఒక కూతురు ఉండాది."

ఎల్లమ్మ ఇక పింఛను మాట ఎత్తలేదు. మమతే ఎత్తింది. కూలీ, పింఛను వరకైనా వదలమని ఆమె తరఫున అర్జీ రాసింది. ఎల్లమ్మ వేలిముద్ర వేసింది. కోర్టు చెప్పందే ఏదీ వదలరని, ఎన్నాళ్ళు పడుతుందో తనకూ తెలియదని ఎస్సై అన్నాడు. అతని గొంతులో విసుగు లేదు. అలసట ఉంది.

తిన్నావా అని మమత అడిగితే ఎల్లమ్మ లేదని తల అడ్డంగా ఊపింది. ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరూ ఇడ్లీ తిన్నారు. ఎల్లమ్మ సగం తిని, మిగిలింది పొట్లం కట్టించుకుంది.

అర్జీకి జవాబు ఇంకా రాలేదు. పక్కింటివాళ్ళ ఫోను అడిగి తీసుకుని ఎల్లమ్మ అప్పుడప్పుడు మమతకు ఫోన్ చేస్తుంది. చెప్పడానికి మమత దగ్గర కొత్త కబురేమీ ఉండదు. కౌంటరు ముందు ఎంత జనం ఉన్నా ఆ ఫోను మాత్రం ఎత్తుతుంది.