తొట్టిలో తేలిన పడవ

మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ షీటును కత్తితో గీసి, విరిచి, జిగురుతో అంటించి మేస్త్రి పడవ చేశాడు. అసలు పడవ పదిహేను మీటర్లు, నమూనా ముప్పై సెంటీమీటర్లు. పదకొండు రోజులు పట్టింది. ఇన్నేళ్లూ ఇళ్లకూ ఆఫీసులకూ నమూనాలు చేసిన మనిషి. పడవ చేయడం ఇదే మొదలు. అసలు పడవ అతని బావమరిదిది, నది మీద జనాన్ని తిప్పేది. కిందటి నెలలోనే దానికి పై అంతస్తు కట్టించాడు. టికెట్ల కౌంటరు దగ్గర అద్దాల పెట్టెలో నమూనా పెట్టాలని అతని కోరిక.

సెలవు రోజు పొద్దున తీసుకెళ్లడానికి వచ్చాడు.

"తేలుతుందా బావా, నీలాగా ఒడ్డునే కూర్చుంటుందా?"

మేస్త్రి బట్టలుతికే తొట్టి నీళ్లతో నింపాడు. ఇంజను చోట సీసం ముక్కలు లెక్క ప్రకారం తూచి పెట్టాడు. పడవ తేలింది. పై అంతస్తు కుర్చీల్లో నలభై బొమ్మల్ని కూర్చోబెట్టాడు. ఒక్కొక్కటీ అర గ్రాము. మనుషుల్ని చివర్లో అంటించడం అతని అలవాటు, ఇంకా అంటించలేదు. పడవ నిలకడగా ఉంది.

మేస్త్రి భార్య బట్టలు పట్టుకుని తొట్టి కోసం నిలబడింది. "జనం అంత బుద్ధిగా కూర్చుంటారేంట్రా తమ్ముడూ? వంతెన కనపడితే అందరూ ఒక పక్కకే ఎగబడరూ?" అంటూ బొమ్మల్ని ఎడమ అంచుకు జరిపింది.

పడవ ఎడమకు వంగింది. ఆగలేదు. బోర్లా పడింది. బొమ్మలు తొట్టి అడుగుకు చేరాయి.



"ప్లాస్టిక్కు కదా," అన్నాడు బావమరిది. "అసలుది ఇనుము."

"బరువు ఇనుము లెక్కే."

బావమరిది బొమ్మల్ని ఏరి, తన చేత్తోనే పేర్చి, తనే జరిపాడు. మళ్లీ బోర్లా పడింది. ఈసారి ఇరవై బొమ్మలే పెట్టి జరిపాడు. నీళ్లు అంచు దాకా వచ్చి ఆగాయి.

అతను గడియారం చూశాడు. "పదింటి ట్రిప్పులో మా పిల్లలున్నారక్కా."

పది దాటి నాలుగు నిమిషాలైంది.  అక్క అతని ఫోను తీసుకుని నంబరు నొక్కింది. పడవ నడిపే సరంగు ఎత్తాడు.

"బయల్దేరామండీ. పైన నలభై మంది, నిండిపోయింది. వంతెన అదిగో, అర కిలోమీటరు."

మేస్త్రి ఫోను లాక్కున్నాడు. "స్పీడు తగ్గించు. మలుపు తిప్పకు. పైవాళ్లని ఇద్దరిద్దరిగా కిందికి దింపు, ఈ పక్క ఒకర్ని, ఆ పక్క ఒకర్ని. ఎవర్నీ అంచుకి పోనివ్వకు."

"ఎందుకండీ?"

"దింపాక చెప్తా."

ఫోనులో ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎవరో డబ్బిచ్చి ఎక్కామని తగువు పడుతున్నారు. అరిచి అరిచి సరంగు గొంతు బొంగురుపోయింది. ఆరు నిమిషాల తర్వాత, "పైన ఖాళీ అండీ," అన్నాడు.

"మా పిల్లలు?" అన్నాడు బావమరిది ఫోను అందుకుని.

"వాళ్లనే ముందు దింపానండీ. కిందున్నారు. వంతెన చూడనివ్వలేదని నా మీద ఏడుస్తున్నారు."

బావమరిది ఫోను పక్కన పెట్టాడు. తొట్టిలో ఇరవై బొమ్మలతో ఒరిగి ఆగిన పడవను చూశాడు.

"నెలంతా పైన ఇరవై మందికి మించి ఎక్కలేదు బావా," అన్నాడు. "నిండట్లేదని రోజూ బాధపడ్డాను."