మూసిన గదిలో నీలి మంట

నేను ఒక పది వత్తుల కిరసనాయిలు స్టవ్వుని. మంట నీలంగా ఉన్నంతసేపే నాకు మర్యాద. పసుపురంగుకి తిరిగి పొగ వచ్చిందంటే నా అంత దిక్కుమాలిన వస్తువు లేదంటారు.

విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట హాస్టలు కుర్రాళ్ళ చేతిలో పడ్డాను. వాళ్ళు నా మీద గుడ్లు వేయించుకున్నారు తప్ప ఒక్కనాడూ నా మసి తుడవలేదు. వాళ్ళ దగ్గర నన్ను గౌరునాయుడు కొన్నాడు. చింతపల్లిలో అతనికి బట్టల కొట్టుంది. ఆ మన్యంలో చలికాలం పొద్దెక్కినా మంచు విడవదు.

నాయుడంత శ్రద్ధగా నన్ను చూసినవాళ్ళు లేరు. కిరసనాయిలు గుడ్డలో వడకట్టి పోసేవాడు. కాలిన వత్తుల కొసలు బ్లేడుతో ఒక్క ఎత్తున కోసేవాడు. చిల్లుల గొట్టాలకు పట్టిన మసిని పాత పళ్ళ బ్రష్షుతో దులిపేవాడు.

"మంట నీలంగా ఉంటే సమురు సగమే అవుతాది. పెళ్ళాన్ని కూడా ఇంత బాగా సూసుకోనేదు" అని పక్కింటివాళ్ళకు గొప్పగా చెప్పేవాడు.

"ఆ ముక్క మాత్రం నిజమే" అనేది లోపల్నించి భార్య సత్యవేణి.

పెళ్ళైన చాలా ఏళ్ళకు సత్యవేణికి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండలేదు, గుప్పెడంత ఉంది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు నర్సు, "పాపని వెచ్చగా ఉంచండి. గదిలో స్టవ్వు పెడితే మాత్రం కిటికీ తెరిచుంచాలి. గాలి తగలాలి" అంది.

నాయుడి తల్లి పైడమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో, పురిటి బిడ్డకి గాలి తగలాలంటాదేటీవిడ!"

ఆమె భాషలో గాలి అంటే ఊపిరి కాదు. సందెవేళ శ్మశానం మీదుగా వచ్చి పసివాళ్ళను పట్టుకునేది. ఇంటికి రాగానే కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, నన్ను మంచం పక్కన పెట్టించింది.

కాసేపు నీలంగానే మండాను. తర్వాత నా మంట పసుపైంది.

"అత్తా, తల పగిలిపోతున్నాది. కిటికీ రెక్క కాసింత తియ్యవా?" అంది సత్యవేణి.

"బాలింత తల అలాగే నొస్తాది. నోరు మూసుకుని పడుకో."

సత్యవేణి మొగుడి వైపు తిరిగింది. "నువ్వైనా సెప్పు మావా. పాప పాలు తాగట్లేదు."

నాయుడు తల్లి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "కిటికీ కాదే, వత్తులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి" అన్నాడు.

నన్ను ఆర్పి, పెరట్లోకి తీసుకెళ్ళి, వత్తులు కోసి, మసి దులిపి వెలిగించాడు. ఆరుబయట నా మంట నిఖార్సైన నీలం. "సూసినావా!" అని మురిసిపోయి మళ్ళీ ఆ గదిలోకే తెచ్చాడు. మళ్ళీ పసుపు. మళ్ళీ పెరడు. తల్లికి ఎదురు చెప్పడం కంటే వత్తులు కోయడం తేలిక. చేతనైన పని చేసేసి, చెయ్యవలసిన పని అయిపోయిందనుకోవడం మనుషులకు అలవాటు.

అలా ఒక ఉదయం పెరట్లో నన్ను తుడుస్తుండగా లోపల్నించి సత్యవేణి కేక వినిపించింది. నాయుడు మసి చేతులతోనే పరుగెత్తాడు. పాప ఇక లేదు.

"గాలి పట్టుకుపోనాది నాయినా!" అంటూ పైడమ్మ నేల మీద కూలబడింది. ఆ మాటను ఎవరూ సరిదిద్దలేదు.

నెల తిరక్కుండా ఆ వీధిలోకి తుక్కు కొనే బండి వచ్చింది. నాయుడు కొట్లో ఉన్నాడు. సత్యవేణి నన్ను తెచ్చి బండివాడి ముందు పెట్టింది.

"డబ్బులొద్దు బాబూ. ఇరగ్గొట్టేస్తానని మాటియ్యి, సాలు."

"బంగారమంటి స్టవ్వమ్మా! మంచిగా సూసుకున్నారు."

"అందుకే" అందామె.

అతను మాట ఇచ్చాడు. వీధి మలుపు తిరగ్గానే నన్ను తుక్కులోంచి తీసి విడిగా పెట్టుకున్నాడు.

ఇప్పుడు సంతలో ఒక గోనె మీద ఉన్నాను. అతను నన్ను వెలిగించి చూపిస్తున్నాడు. శాలువా కప్పుకున్న ఒక నిండు చూలాలు ఆగి, చేతులు చాచి కాచుకుంటోంది.

"గదిలో ఎట్టుకోవచ్చా?" అని అడిగింది.

"ఎక్కడైనా ఎట్టుకోవచ్చమ్మా" అన్నాడతను.