ఓటు వేళకి లేడు

"మీరు ఆవిడకి ఏమవుతారు?"

ఆసుపత్రి కౌంటరు వెనక కూర్చున్నామె మూడోసారి అడిగింది. ఎదురుగా నిలబడ్డ ప్రూఫ్‌రీడరు బట్టల మీద రక్తం ఇంకా ఆరలేదు. ఆ రక్తం బైండరుది. ప్రెస్సులో కటింగ్ మెషిను కింద ఎడమచెయ్యి పడి, స్పృహ తప్పి, ఆమె లోపల స్ట్రెచరు మీద ఉంది.

"పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నామండీ. దానికి నేను, నాకు అది. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

"అలా కుదరదమ్మా. భర్తయినా ఉండాలి, తోబుట్టువులైనా ఉండాలి. ఆపరేషన్ కాగితం మీద స్నేహితులు పెడితే చెల్లదు."

వెనకున్న మెషిన్‌మన్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఈవిడే ఆవిడకి అన్నీనండీ! ప్రెస్సులో అరవైమందిమి సాక్ష్యం చెబుతాం!" అని అరిచాడు. సాక్ష్యాలకి ఆ కాగితంలో చోటు లేదట.

ఇన్నేళ్ళుగా అక్క గడప తొక్కని తమ్ముణ్ణి పక్క ఊరినుంచి వెతికి రప్పించేసరికి ఆరు గంటలు పట్టింది. వచ్చాడు, అక్క ముఖం కూడా చూడకుండా సంతకం గీకాడు, పోయాడు. ఆలోగా రెండు వేళ్ళు పోయాయి. త్వరగా తీసుకొస్తే అతికించేవాళ్ళం కదా అన్నాడు డాక్టరు.

"త్వరగానే తెచ్చాం బాబూ. పొద్దుట్నుంచీ మీ గుమ్మంలోనే ఉన్నాం" అన్నాడు మెషిన్‌మన్.

ఆడా ఆడా, మగా మగా కూడా పెళ్ళి చేసుకోవచ్చనే బిల్లు అంతకు నాలుగు నెలల ముందే చట్టసభకి వచ్చింది. అది నెగ్గి ఉంటే ప్రూఫ్‌రీడరు సంతకం చెల్లేది. ఒక్క ఓటు తక్కువై పడిపోయింది. ఆ ఒక్క ఓటూ ఎవరిదో ప్రెస్సులో అందరికీ తెలుసు.

పెద్దన్నది.

పెద్దన్న ఎవరో కాదు. ఆ ప్రెస్సులోనే అక్షరాలు పేర్చినవాడు, యూనియన్ నాయకుడు. పదిహేనేళ్ళ కిందట ఈ ఆడవాళ్ళిద్దరి సంగతి తెలిసి యజమాని బయటికి పొమ్మంటే, మెషిన్ల మధ్య నిలబడి "వాళ్ళు పోతే నేనూ పోతా" అన్నాడు. వెంటనే అరవైమందీ అదే మాట అన్నారు. యజమాని తోక ముడిచాడు. తర్వాత పెద్దన్న సభకి ఎన్నికయ్యాడు. ఎవరు ఎవరిని ప్రేమించారో చూసి ఉద్యోగం తీసెయ్యకూడదన్న చట్టానికి ఓటేశాడు. స్వలింగ ప్రేమికులు కలుసుకునే హాలు మీద పోలీసులు పడి కొడితే, సభలో గొంతు చించుకున్నాడు. ఇవన్నీ నిజం. నిజాన్ని కాదనడం ఈ కథకి అక్కర్లేదు.

బిల్లుకి ముందురోజు ఆ ఇంటికొచ్చి, బైండరు పెట్టిన టీ తాగి, "రేపు నా ఓటు మీదే చెల్లెమ్మా" అన్నదీ నిజమే.

మర్నాడు ఇద్దరూ సెలవు పెట్టి రేడియో ముందు కూర్చున్నారు. సభలో పేర్లు పిలుస్తున్నారు. పెద్దన్న పేరు పిలిచారు. జవాబు లేదు. రెండోసారి పిలిచారు.

"బాత్‌రూంకి వెళ్ళాడేమోనే" అంది బైండరు.

మూడోసారి పిలవలేదు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ప్రతి ఎన్నికకీ యూనియన్ ఒక కాగితం వేస్తుంది. ఏ నాయకుడు ఏ విషయంలో మనకేం చేశాడో ఒక్క మాటలో ఉంటుందందులో, మిత్రుడనో శత్రువనో. ఊళ్ళో ఫ్యాక్టరీలన్నీ ఆ కాగితం చూసే ఓటేస్తాయి. ఈసారి కార్యదర్శి రాసుకొచ్చిన దాంట్లో పెద్దన్న పేరెదుట, స్వలింగ ప్రేమికుల హక్కుల దగ్గర, లావుపాటి అక్షరాలతో "మిత్రుడు" అని ఉంది.

యూనియన్ గదిలో గోల లేచింది.

"మిత్రుడా? ద్రోహి అని వెయ్యండి!" అని అచ్చు ప్లేట్లు చేసే కుర్రాడు బల్ల ఎక్కాడు. "నా తలకాయంత అక్షరాలతో ప్లేటు చేసిస్తా!"

"నీ తలకాయంతైతే కాగితం చాలదురా, దిగు" అన్నాడు మెషిన్‌మన్. అంత కోపంలోనూ నవ్వారు.

కార్యదర్శి నవ్వలేదు. "వ్యతిరేకంగా వెయ్యలేదుగా! అవతలివాడు గెలిస్తే ఉన్న ఉద్యోగ చట్టం కూడా ఊడుతుంది. అప్పుడు ఎవరి కాళ్ళు పట్టుకుంటారు?"

అందరూ ప్రూఫ్‌రీడరు వైపు తిరిగారు. ద్రోహి అన్న మాట ఆమె నాలుక చివరనే ఉంది. నాలుగు నెలలుగా పొద్దున లేస్తే అదే మాట. ఆ మాట అనేస్తే కడుపుమంట చల్లారేది.

"నన్నడిగితే ద్రోహి అనే వెయ్యమంటాను" అంది. "కానీ నా ఉద్యోగం నిలబెట్టింది అతనే. అది దాస్తే మనం అబద్ధాలకోరులమవుతాం. మిత్రుడని వేస్తే దీని చెయ్యి అబద్ధమా? ఒక్క మాట వద్దు. చేసినవి వేద్దాం, చెయ్యనిదీ వేద్దాం."

"అంత ఎవరు చదువుతారమ్మా?" అన్నాడు కార్యదర్శి.

మూలన కూర్చున్న బైండరు కట్టు కట్టిన చెయ్యి ఎత్తింది. "చదువుతారు లెండి. నాకు రెండు వేళ్ళు పోయాయి, మూడున్నాయి. ఉన్నవీ చెప్పండి, పోయినవీ చెప్పండి. చెయ్యే లేదనొద్దు, బాగానే ఉందనీ అనొద్దు."

గదిలో చేతులన్నీ లేచాయి, కార్యదర్శిది తప్ప.

మర్నాడు పొద్దున్నే పెద్దన్న ప్రెస్సుకొచ్చాడు. పక్కన యజమాని. ఒకప్పుడు ఎదురెదురుగా నిలబడ్డవాళ్ళిప్పుడు భుజం భుజం రాసుకుంటూ వస్తుంటే మెషిన్లు నడిపేవాళ్ళు కళ్ళప్పగించి చూశారు. వెనకే కార్యదర్శి, చేతిలో తన పాత కాగితానికే తీయించిన ప్రూఫు. మిత్రుడు.

"చెల్లెమ్మా, పార్టీ నా మెడమీద కత్తి పెట్టింది" అన్నాడు పెద్దన్న ప్రూఫ్‌రీడరుతో.

"మా ఇంట్లో టీ తాగిన రోజు ఆ కత్తి ఉందా అన్నా?"

పెద్దన్న ఒప్పుకున్నాడు. "ఉంది."

"మరి చెప్పలేదేం?"

"మీ ముఖాలు చూసి చెప్పలేకపోయాను."

ఆమెకి ఏడుపొచ్చింది. శత్రువైతే ఇంత నొప్పి ఉండేది కాదు.

యజమాని ప్రూఫు ముందుకి తోశాడు. "సంతకం పెట్టు. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆ ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు సంతకం లేకుండా, అచ్చుకి సిద్ధమైన ఏ ఫారమూ మెషినెక్కదు. లోకంలో అందరి పెళ్ళిపత్రికలూ ఆమె సంతకం పడ్డాకే అచ్చయ్యాయి. ఆమె పెన్ను మూత పెట్టేసింది.

"ఆసుపత్రిలో నా సంతకం చెల్లదన్నారు. ఇక్కడ చెల్లుతుంది. దీనికి పెట్టను."

టప్‌మని శబ్దం. మెషిన్‌మన్ స్విచ్ ఆపేశాడు. "సంతకం లేని ఫారం నేనెక్కించను. ఆవిడ పోతే నేనూ పోతా."

"నేనూ పోతా" అన్నాడు ప్లేట్ల కుర్రాడు. మడత బల్లల దగ్గర ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. మెషిన్లు ఒక్కొక్కటీ ఆగాయి. ఆ మాట మొదట ఎవరు నేర్పారో పెద్దన్నకి వేరే చెప్పాలా? తల వంచుకుని వెళ్ళిపోయాడు. మెషిన్లన్నీ ఆగేసరికి యజమాని ఈసారీ తోక ముడిచాడు. ఆ మధ్యాహ్నం కాగితం అచ్చయింది, యూనియన్ గదిలో అనుకున్నట్టే.

ఆదివారం మైదానంలో పెద్దన్న ఎన్నికల సభ. ఫ్యాక్టరీలన్నీ వచ్చాయి. పెద్దన్న మైకు పట్టుకున్నాడు. "ప్రేమకి అడ్డుగోడలుండకూడదని నమ్మినవాణ్ణి! ఈ బిడ్డలకి ఏనాడూ..."

ముందు వరసలో ప్రూఫ్‌రీడరు అచ్చయిన కాగితం పట్టుకుని లేచింది. ప్రెస్సులో ప్రూఫు ఎలా చదువుతారో అలాగే, చుక్కలూ గీతలతో సహా చదవడం మొదలుపెట్టింది. ఒక్కో ముక్కా అరవైమందీ అందుకున్నారు.

"ఉద్యోగ చట్టానికి ఓటేశాడు, ఫుల్‌స్టాప్!"

"ఫుల్‌స్టాప్!"

"పోలీసు దెబ్బల మీద సభలో మాట్లాడాడు, ఫుల్‌స్టాప్!"

పెద్దన్న ముఖం వెలిగింది. చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆమె ఇంకా కూర్చోకపోవడం చూసి ఆగాయి.

"పెళ్ళి బిల్లుకి ఓటేస్తానని మాటిచ్చాడు, ఫుల్‌స్టాప్! వ్యతిరేకంగా వెయ్యలేదు, ఫుల్‌స్టాప్! పేరు రెండుసార్లు పిలిచారు, కామా, ఓటు వేళకి లేడు, ఫుల్‌స్టాప్!"

ఎక్కడో వెనకనుంచి ఒక బస్సు డ్రైవరు, పక్కనున్నతని చెయ్యి పట్టుకుని అరిచాడు. "మళ్ళీ చదువమ్మా! మేమిద్దరం కూడా విన్నాం రేడియో!"

"ఇందులో అబద్ధం ఉంటే చెప్పన్నా" అంది ప్రూఫ్‌రీడరు. "ఇప్పుడే దిద్దుతాను."

పెద్దన్న ఆమె అందించిన కాగితం చూశాడు. పైనుంచి కిందికి, మళ్ళీ పైకి. దిద్దడానికి అక్షరం దొరకలేదు. తలుపు కోసం చూసినట్టు అటూ ఇటూ చూశాడు. మైదానానికి తలుపులుండవు.

బైండరు మూడు వేళ్ళ చెయ్యి పైకెత్తింది.

"పెద్దన్నా!" అని పిలిచింది. "ఆ రోజు సభలో రెండుసార్లే పిలిచారు. మూడోది మేం పిలుస్తున్నాం. బిల్లు మళ్ళీ వస్తుంది. ఓటు వేస్తావా, వెయ్యవా?"

మైదానమంతా లేచి అదే ప్రశ్న అందుకుంది. పెద్దన్న ఇంకా మైకు పట్టుకునే ఉన్నాడు. జవాబొచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు.