కింది వరస కిటికీ

కట్టుడు పళ్ళకు మెరుగు పెట్టే చక్రం ఆపి, పళ్ళ మేస్త్రి అదే బల్ల మీద యుద్ధనౌక బొమ్మను బోర్లించాడు. ఊళ్ళో సగం నోళ్ళు నవ్వేది అతని చేతి చలవతోనే, అయినా అతని మొహం ఎవరికీ గుర్తుండదు.

బొమ్మ ముక్కలుగా పెట్టెలో వచ్చింది. మొద్దుగా ఉన్న ఓడ ముక్కును అరగదీశాడు. రెండు సగాల అతుకు మీద లప్పం పెట్టి నున్నగా చేశాడు. ఆ ఓడ పాత ఫొటోలో కింది వరస కిటికీలు లేవని వాటినీ పూడ్చేశాడు. అతని అన్న కుర్రతనంలో ఆ అసలు ఓడలోనే వంటవాడు.

మొన్న మంచంలో ఉన్న అన్న చేతికిచ్చాడు. చూపు పోయిన అన్న వేళ్ళతో తడిమి ఒకచోట ఆగాడు.

"నా పడక దగ్గర గుండ్రటి కిటికీ ఉండాలిరా. ఏదీ?"

"ఫొటోలో లేదన్నయ్యా. నువ్వే మరిచిపోయుంటావు."

తన పనికి వంక పెట్టాడన్న ఉక్రోషంతో నోరు జారాడు.

"అయ్యుంటుందిలే," అన్నాడు అన్న.

ఆ మాట అప్పట్నుంచీ ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇవాళ భూతద్దం పెట్టి చూస్తే, ఫొటోలో కింది వరసంతా గుండ్రటి మచ్చలు. కిటికీలు ఉండేవి, తరువాత రేకులు వేసి మూసేశారు. ఫొటో అన్న ఓడ దిగాక తీసింది. ఆ సంగతి తనకు మొదట్నుంచీ తెలుసు, ఆలోచించలేదంతే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అన్న వేలు ఆగిన చోట పళ్ళు తొలిచే సన్నటి మరతో లప్పం తవ్వసాగాడు. అటుగా వచ్చిన పళ్ళ డాక్టరు నవ్వాడు.

"ఏం మేస్త్రీ, ఓడక్కూడా పిప్పి పన్నేనా?"

"కాద్సార్. మంచిదాన్నే పూడ్చేశాను."

సాయంత్రం పని దిగుతూనే ఓడ పట్టుకుని అన్న ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. వదిన గుమ్మంలోనే కూలబడి ఉంది.

"ఇందాకే పోయారు, బాబూ. నిద్రలోనే."

"అన్నయ్య ఏమైనా అన్నాడా వదినా?"

"పొద్దున నవ్వారు. 'ఆ కిటికీ అసలు లేదట, తమ్ముడు చెప్పాడు. మరి రోజూ నేను చూసిన సముద్రమేంటో' అన్నారు."

అతను లోపలికెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. చల్లబడిన చూపుడు వేలును పట్టుకుని ఆ రంధ్రం మీద పెట్టాడు.

"ఉందన్నయ్యా. తప్పు నాదే."

వదలగానే వేలు జారిపోయింది. దుప్పటి మీద రంగు వేయని ఓడ ఒక పక్కకు ఒరిగి ఉంది. కింది వరసలో ఒకే ఒక్క కిటికీ, దాని అంచున ఇంకా దులపని లప్పం పొడి.