డోరు వెనకవైపు

డెంటింగ్ పని చేసేవాడికి పేరు రాదు. బాగా చేస్తే అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. చెడగొడితేనే మనిషి గుర్తొస్తాడు. ముప్పై ఏళ్ళుగా జనం కార్ల సొట్టలు తీస్తున్నాను. ఒక్కడంటే ఒక్కడు బండి చుట్టూ తిరిగి "ఏం చేశావయ్యా!" అన్న పాపాన పోలేదు. "ఇంతకీ తగిలింది ఎక్కడ?" అని అడుగుతారు. నేనే వేలు పెట్టి చూపించాలి. అయినా నమ్మరు.

ఆ శుక్రవారం పొద్దున షెడ్డుకు వచ్చేసరికి బల్ల మీద ఒక కారు డోరు పడుకోబెట్టి ఉంది. అద్దం, పిడి, లోపలి అట్ట అన్నీ పీకేసి, రంగంతా గీకేసి, వట్టి రేకు మిగిల్చారు. నడిమధ్యన చంటిపిల్లను పడుకోబెట్టేంత సొట్ట, చుట్టూ ముడతలు. అడుగుదామంటే షెడ్డులో ఎవరూ లేరు. సొట్ట కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ముందువైపు ఇనప దిమ్మ ఆనించి, వెనకనుంచి సుత్తితో మొదలుపెట్టాను. పదకొండయ్యేసరికి ముందువైపు అద్దంలా తయారైంది. చిటికెడు పుట్టీ కూడా పెట్టలేదు.

అప్పుడు దిగాడు బామ్మర్ది, రెండు చేతుల్లో రంగు డబ్బాలతో. షెడ్డులో పెయింట్ కొట్టేది వాడే. నా భార్యకు తమ్ముడు, అందుకే ఇంకా పనిలో ఉన్నాడు.

"బావా, ఇదేంటి?"

"ఏముంది, సొట్ట తీశాను."

వాడు డబ్బాలు కింద పెట్టలేదు, వదిలేశాడు.

"అయ్యో బావా! ఆ సొట్టే బొమ్మ!"

"ఏం బొమ్మరా?"

"ఈ డోరు తెచ్చిన మేడమ్ ఆర్టిస్టు. సాయంత్రం ఆరింటికి ఎగ్జిబిషన్. గోడకు తగిలించడానికి వెనక రెండు కొక్కేలు వెల్డింగ్ చెయ్యమని ఇచ్చి వెళ్ళింది. జనం చూడాల్సింది సొట్టనే!"

"మరి చెప్పి చావొద్దూ!"

"కొక్కేలే కదా, వచ్చాక చెబుదాంలే అనుకున్నా. నువ్వు దాన్ని ఇస్త్రీ చేసి పెడతావని కలగన్నానా?"

ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది. నన్ను చూసి వాడికీ వచ్చింది. ఒకరి కొంప మునుగుతుంటే ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

ఆవిడ వాడి ఫోనుకు పంపిన ఫొటో ఒకటి దొరికింది. నాలుగింటికి వస్తానంది. ఇక తప్పలేదు, జీవితంలో మొదటిసారి సొట్ట పెట్టడానికి కూర్చున్నాను. రేకును ఇసక మూట మీద వేసి చెక్క సుత్తి ఎత్తితే, గోడ దూకబోయే పిల్లాడిలా ఒళ్ళు జలదరించింది. బామ్మర్ది ఫొటో పట్టుకుని నెత్తి మీద నిలబడ్డాడు.

"ఎడమకు బావా. ఇంకా. ఆ ముడత పొడుగు చాల్లేదు. అది కాదు, దాని పక్కది!"

"నువ్వు నోరు ముయ్యి, లేకపోతే నీ బుగ్గ మీద ప్రాక్టీసు చేస్తాను."

ఎవడో పరాకున క్షణంలో గుద్ది పోయిన దానికి నాకు నాలుగు గంటలు పట్టింది. ముడతలు లేపడానికి మళ్ళీ వెనకనుంచి చిన్న సుత్తి వాడాల్సి వచ్చింది. చివరికి ఫొటో పక్కన పెట్టి చూస్తే అచ్చు అదే. ఇద్దరం చేతులు పట్టుకుని గంతులేశాం. నా వయసుకు అది సిగ్గుచేటే.

మేడమ్ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, మోచేతులదాకా జిగురు మరకలు. డోరు చుట్టూ తిరిగి తల ఊపింది.

"కొక్కేలు గట్టిగా వేశారా?"

నేను బామ్మర్దిని చూశాను, వాడు నన్ను చూశాడు. కొక్కేల సంగతి ఇద్దరం మర్చేపోయాం. ఆవిడ అప్పటికే రేకు తిప్పేసింది. వెనకంతా సుత్తి దెబ్బలు. పొద్దున లేపినవి, మధ్యాహ్నం మళ్ళీ కొట్టినవి, దుమ్ములో చినుకులు పడ్డట్టు వందలకొద్దీ.

"ఇదేంటి?"

ఉన్నదంతా కక్కేశాను. ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"అంటే ఇది నా సొట్ట కాదు."

"అచ్చు అదే కదా మేడమ్."

"అది ఎవరో గుద్దితే పడింది. నేను తుక్కులో చూసి ఏరుకున్నాను. మీరు చూసి చేశారు."

నాకు ఒళ్ళు మండింది. "చూడకుండా గుద్దినవాడిది కళ, చూసి చేసినవాడిది రిపేరా? అయితే ముప్పై ఏళ్ళు కళ్ళు తెరుచుకుని పనిచేయడం నా తప్పేనమ్మా!"

ఆవిడ స్టూలు మీంచి లేచింది. వంగి, వెనకవైపు చాలాసేపు చూసింది. తర్వాత అదోలా నవ్వడం మొదలుపెట్టింది.

"కొక్కేలు ముందువైపు వెయ్యండి."

"అప్పుడు జనానికి వెనకవైపు కనబడుతుందమ్మా!"

"అదే కావాలి."

"వద్దమ్మా! మాసిన బట్టల మూట వీధిలో విప్పినట్టుంటుంది. పది నిమిషాలివ్వండి, కాస్త రుద్ది నున్నగా చేస్తాను."

"ఒక్క దెబ్బ చెరిపినా ఊరుకోను. మీ పేరు రాసివ్వండి, బొమ్మ కింద పెట్టే కార్డు మీద నా పేరు పక్కన వెయ్యాలి."

ఆరింటికి హాల్లో గోడ మీద నా వెనకవైపు వేలాడుతోంది. జనం దాని ముందు ఆగి తలలు పక్కకు వంచి చూస్తున్నారు. నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. ఇస్త్రీ చొక్కాలో బామ్మర్ది అడిగినవాడికీ అడగనివాడికీ "మా బావే, మా బావే" అని చెబుతున్నాడు.

నా భార్య మాత్రం, "వంటింట్లో డబ్బా మూత సొట్ట తియ్యమని ఏడాదిగా మొత్తుకుంటున్నా. దానిక్కూడా కార్డు రాయిస్తే తీస్తారేమో" అంది.

ఒక పెద్దాయన చెయ్యి చాపబోతే కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "ముట్టుకోకూడదు సార్!"

"ఎందుకు ముట్టుకోకూడదు?" అన్నాను. "రేకు పనిని కళ్ళతో చూసేదేముంది, అరచేత్తో చూడాలి. నువ్వూ రా."

వాడు బెదురుగా అటూ ఇటూ చూసి, చెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా కిందకు జరిపి, ఒకచోట ఆగాడు.

"ఇక్కడొకటి మిగతావాటిలా లేదండీ. పక్కకు జారినట్టుంది."

నిజమే. అక్కడ నా సుత్తి జారింది. నేను తప్ప మరో ప్రాణి కనిపెట్టదనుకున్నాను.

"జారిందయ్యా! జారింది! తప్పే!" అని హాలంతా అదిరేలా అరిచి, వాణ్ణి టోపీ ఊడేట్టు కావలించుకున్నాను.