బాణం గుర్తుల కిమోనో

నగరం నుంచి వచ్చిన మ్యూజియం వాళ్ళకు టీ పోసి వస్తూ షిగెనో మగ్గం పక్కనున్న బుట్టలోకి చూసింది. నీలిరంగు పీలికల ఉండలు. ఒక ఉండ అంచున సగం తెగిన తెల్ల బాణం గుర్తు. పళ్ళెం కింద పెట్టి ఆ ఉండ తీసి చూసింది. అది తన పెళ్ళికి వాళ్ళమ్మ కుట్టిచ్చిన కిమోనో.

వదిలిన బాణం వెనక్కి రాదు, ఆడపిల్లా పుట్టింటికి తిరిగి రాకూడదని పెళ్ళికూతురికి పెట్టే బట్ట అది. అత్తగారు ఆ బాణాలు చూపించే ముప్పై ఏళ్ళు నోరు నొక్కింది. పాత కిమోనోలు విప్పి, ఉతికి, పీలికలు చింపి, ఆ పీలికలతోనే కొత్త బట్ట వేళ్ళు పగిలేలా నేసింది షిగెనో. బట్ట మీద పేరు మాత్రం మొగుడిది. ఇప్పుడు కూడా ముందుగదిలో తెయిజో నవ్వుతూ చెబుతున్నాడు, మా ఆవిడ కాస్త చేతిసాయం చేస్తుందండీ అని. సాయమట! మగ్గం మీద ఒక్క పూట కూర్చున్న పాపాన పోలేదు ఆ మనిషి.

వంటింట్లోకి పిలిచి అడిగితే విసుక్కున్నాడు.

"నిన్న నువ్వు అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు చింపానులే. ప్రదర్శనకి ముదురు నీలం తక్కువైంది. చింపాక ఎవరి బట్టో ఎవరడుగుతారే? ముందు ఆ మిఠాయిలు పట్రా."

షిగెనో మిఠాయిలు తీసుకెళ్ళలేదు. లోపలి గదిలో చెక్క బీరువా తెరిచింది. కాగితాల్లో చుట్టిన అత్తింటి కిమోనోలన్నీ మడత నలగకుండా ఉన్నాయి. వంశం గుర్తున్నవి, ముట్టుకోకు అనేది అత్తగారు. పుట్టింటి బట్టయితే పీలికలు, అత్తింటి బట్టయితే వంశమా? పైనే ఉంది, రేపు ప్రదర్శనలో ఆ నేతకి బహుమతి అందుకోవడానికి తెయిజో వేసుకోబోయే తాతగారి నల్లపట్టు అంగీ, అయిదు తెల్ల గుర్తులతో. భుజం కుట్టుకి కత్తిమొన తగిలించి దారం లాగింది. విప్పడానికి వీలుగా కుట్టే బట్ట కదా, సులువుగా ఊడివచ్చింది. అంచుకి గంటు పెట్టి రెండు చేతులా లాగింది.

ఆ చప్పుడుకి తెయిజో పరుగెత్తుకొచ్చాడు. వెనకే అతిథులు. వాళ్ళ ముందు అరవలేక గొంతు తగ్గించాడు.

"ఏం చేస్తున్నావే?"

"ప్రదర్శనకి నలుపు కూడా తక్కువైందండీ," అంది షిగెనో, అతిథులకు వినబడేలా. "చింపాక ఎవరి బట్టో ఎవరడుగుతారు?"

రెండో గంటు పెట్టింది.